బోర్డు మారితే బండి మారుతుందా? రైలు లైన్ చేతులు మారినప్పుడు ప్రయాణికులకు నిజంగా ఏం జరిగింది.. లండన్ నుంచి ఢిల్లీ దాకా

హైదరాబాద్ మెట్రో ఎల్‌అండ్‌టీ చేతి నుంచి రాష్ట్ర ప్రభుత్వం చేతికి. చెన్నైలో బీచ్-వేళచ్చేరి ఎంఆర్‌టీఎస్ దక్షిణ రైల్వే నుంచి చెన్నై మెట్రోకు. 2025లో వచ్చిన ఈ రెండు వార్తలు చూసి రోజూ రైలెక్కే జనానికి వచ్చిన డౌట్ ఒక్కటే. సరే, బోర్డు మారుస్తారు. మరి పొద్దున ఎనిమిదిన్నరకి నేను ఎక్కే బండి సంగతేంటి? రద్దీ తగ్గుతుందా? టికెట్ పెరుగుతుందా? రాత్రి పది దాటాక ప్లాట్‌ఫాం మీద లైట్ వెలుగుతుందా?

ఇలాంటి మార్పు ఇప్పటికే చాలా చోట్ల జరిగింది. కొన్ని చోట్ల జనం ఊపిరి పీల్చుకున్నారు. కొన్ని చోట్ల పేరు మారిందంతే. అన్నిటికంటే ఎక్కువగా చెప్పుకునేది లండన్‌లోని నార్త్ లండన్ లైన్ కథ. మనవాళ్లకు ఓవర్‌గ్రౌండ్ అంటే తెలుస్తుంది. అక్కడ చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్లలో చాలామంది ఇప్పుడు ఎక్కుతున్న రైలే అది. కానీ 2007కు ముందు ఆ లైన్ ఎలా ఉండేదో వాళ్లకు చెప్పినా నమ్మడం కష్టమే.

దిక్కూ మొక్కూ లేని లైన్

లండన్ మ్యాప్ తీసుకుని నైరుతిలో రిచ్‌మండ్ మీద ఒక వేలు, తూర్పున స్ట్రాట్‌ఫర్డ్ మీద ఇంకో వేలు పెట్టండి. ఈ రెండిటినీ నగరం నడిబొడ్డుకు పోకుండా, ఉత్తరం వైపు నుంచి అర్ధచంద్రంలా చుట్టి కలిపేదే నార్త్ లండన్ లైన్. విల్లెస్‌డెన్, హ్యాంప్‌స్టెడ్, క్యామ్డెన్, హైబరీ, డాల్స్టన్, హాక్నీ.. ఇవన్నీ దారిలో తగిలే పేటలు. ఆఫీసు టవర్లున్న సెంటర్‌కి ఈ రైలు పోదు. అందుకే పెద్దవాళ్ల కళ్లకు ఆనలేదు. ఆస్పత్రుల్లో, దుకాణాల్లో, కాలేజీల్లో పనిచేసేవాళ్లు, ఒక శివారు నుంచి ఇంకో శివారుకు పోయేవాళ్లు ఎక్కే బండి ఇది.

లైన్ పుట్టింది పందొమ్మిదో శతాబ్దం మధ్యలో. 1916లోనే కరెంటు రైళ్లు వచ్చాయి. అయినా 1963లో వచ్చిన బీచింగ్ నివేదిక దీన్ని మూసేయాల్సిన లైన్ల జాబితాలో పెట్టింది. జనం గట్టిగా అడ్డుపడ్డారు కాబట్టి బతికింది. బతికిందన్న మాటే గానీ, ఆ తర్వాత నలభై ఏళ్లూ ఎవరికీ పట్టని పిల్లలాగే పెరిగింది. నగరం మధ్యలో ఉన్న దాని పాత టెర్మినల్ బ్రాడ్ స్ట్రీట్‌ను కూడా 1986లో మూసేశారు.

బ్రిటన్‌లో రైల్వేను ప్రైవేటుపరం చేశాక 1997లో ఈ లైన్ నేషనల్ ఎక్స్‌ప్రెస్ గ్రూప్ చేతికి వెళ్లింది. పేరు సిల్వర్‌లింక్. అదే కంపెనీ యూస్టన్ నుంచి నార్తాంప్టన్ వైపు దూరం రైళ్లు కూడా నడిపేది. అటు దూరం ప్రయాణికులు, ఇటు నాలుగు స్టేషన్లు పోయి దిగిపోయే శివారు జనం. పైగా ఒప్పందం కేంద్ర ప్రభుత్వంతో. లండన్ మేయర్‌కు గానీ, ట్యూబ్, బస్సులు చూసే ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్‌కు గానీ ఈ లైన్ మీద అజమాయిషీ లేదు. ప్రయాణికుడు ఎవరి గల్లా పట్టుకోవాలి? సమాధానం లేని ప్రశ్న.

అప్పట్లో నడిచినవి 1976-77లో తయారైన మూడు కోచ్‌ల రైళ్లు. రెండు బళ్ల మధ్య 15 నుంచి 20 నిమిషాల గ్యాప్. ఒకటి రద్దయిందంటే తర్వాతి దాంట్లో కాలు పెట్టే సందుండదు. చాలా స్టేషన్లలో సాయంత్రం దాటితే మనిషి కనబడడు. టికెట్ అమ్మేవాడు లేడు, అడిగేవాడు లేడు. దాంతో టికెట్ కొనని వాళ్లు ఎక్కువయ్యారు. టికెట్ కొనకపోతే కంపెనీకి డబ్బు రాదు, డబ్బు రాని స్టేషన్‌లో మనిషిని పెట్టరు. ఇదొక విషవలయం. చీకటి పడ్డాక ఆడవాళ్లు ఈ స్టేషన్లలో దిగడానికే భయపడేవాళ్లు.

మన హైదరాబాద్‌లో ఎంఎంటీఎస్ ఎక్కేవాళ్లకు ఇందులో కొంతైనా తెలిసిన బాధలా అనిపిస్తుంది. అక్కడా ఇక్కడా ఇంకో పోలిక కూడా ఉంది. నార్త్ లండన్ లైన్ మీద ఓడరేవుల నుంచి వచ్చే కంటైనర్ గూడ్స్ బళ్లు కూడా అవే పట్టాల మీద పోతాయి. ఓ గూడ్స్ ఆగితే వెనక లోకల్ ఆగాల్సిందే.

2006 మార్చిలో లండన్ అసెంబ్లీ రవాణా కమిటీ ఈ లైన్ మీద ఒక నివేదిక ఇచ్చింది. దాని పేరే 'లండన్ మర్చిపోయిన రైల్వే' అని. మురికి, ఆలస్యం, భద్రత లేకపోవడం, విపరీతమైన రద్దీ.. జనం ఏళ్లుగా అంటున్న మాటల్నే అధికారిక కాగితం మీద పెట్టింది. అంతకంటే కొత్తగా చెప్పిందేం లేదు. కానీ ప్రయాణికుడు ప్లాట్‌ఫాం మీద తిట్టుకోవడం వేరు, ఎన్నికైన సభ నివేదికలో రాయడం వేరు.

ఆ సోమవారం పొద్దున ఏం జరిగింది?

2007 నవంబరు 11, ఆదివారం. సిల్వర్‌లింక్ పేరు పోయి లండన్ ఓవర్‌గ్రౌండ్ వచ్చింది. లైన్ ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ అధీనంలోకి వెళ్లింది. నడిపే పని హాంకాంగ్‌కు చెందిన ఎంటీఆర్, బ్రిటన్‌కు చెందిన లెయింగ్ కలిసి పెట్టిన సంస్థకు కాంట్రాక్టుగా ఇచ్చారు.

మర్నాడు సోమవారం. ఆఫీసుకు బయల్దేరినవాళ్లకు కనబడింది ఏంటి? అవే రైళ్లు. అదే మూడు కోచ్‌లు. డ్రైవర్లూ, సిబ్బందీ కూడా ఎక్కువమంది పాతవాళ్లే, ఉద్యోగాలతో సహా కొత్త సంస్థకు బదిలీ అయ్యారు. రద్దీ కూడా అంతే. రంగు మారిందంతే, నారింజ. ఇదేనా మార్పు అని పెదవి విరిచినవాళ్లను తప్పు పట్టలేం.

కానీ కొన్ని చిన్న పనులు వెంటనే మొదలయ్యాయి. అసలు గుట్టు ఇక్కడే ఉంది. రైళ్లు నడిచినంతసేపూ, అంటే మొదటి బండి నుంచి ఆఖరి బండి దాకా ప్రతి స్టేషన్‌లో సిబ్బంది ఉండాలన్నారు. స్టేషన్లను కడిగించారు. ఏళ్లుగా పేరుకున్న మురికి, గోడల మీద రాతలు వదిలించారు. కెమెరాలు, సాయం అడిగే బటన్లు పెట్టారు. ట్యూబ్‌లో, బస్సులో వాడే ఆయిస్టర్ కార్డు మొదటి రోజు నుంచే ఇక్కడా పనిచేసింది. లండన్‌లోని మిగతా ప్రైవేటు రైళ్లన్నిటిలో అలా కార్డులో డబ్బు వేసుకుని వాడే సౌకర్యం రావడానికి 2010 జనవరి దాకా పట్టింది. ట్యూబ్ మ్యాప్‌లో నారింజ రంగు జంట గీతగా లైన్ కనబడింది. గీతేగా అనుకోవద్దు. మ్యాప్‌లో స్పష్టంగా కనబడే రైలునే కొత్తగా ఊరొచ్చినవాళ్లు ఎక్కుతారు.

కొత్త రైలు కొనడానికి ఏళ్లు పడుతుంది. స్టేషన్‌లో ఓ మనిషిని నిలబెట్టడానికి వారం చాలు. ఈ రెండో పని ముందు చేయడం వల్లే ప్రయాణికులు మొదటి రెండేళ్లు ఓపిక పట్టారని మా అభిప్రాయం.

కొత్త రైళ్లు వచ్చాయి.. సీట్లు పోయాయి

బాంబార్డియర్ డెర్బీ ఫ్యాక్టరీలో తయారైన 378 క్లాస్ రైళ్లు 2009 జూలైలో పట్టాలెక్కాయి. ఒక చివర నుంచి ఇంకో చివర దాకా నడిచి పోగలిగే రైలు. సీట్లు గోడల వెంబడి, మన మెట్రోలో లాగే. మధ్యలో నిలబడటానికి చోటు.

అందరూ చప్పట్లు కొట్టలేదు. పాత రైల్లో అడ్డంగా బెంచీల్లాంటి సీట్లుండేవి, ఎక్కువమంది కూర్చునేవాళ్లు. కొత్తదాంట్లో సీట్ల సంఖ్య బాగా తగ్గింది. రిచ్‌మండ్ నుంచి స్ట్రాట్‌ఫర్డ్ దాకా గంట ప్రయాణం చేసేవాళ్లకు, వయసు మీదపడినవాళ్లకు ఇది కోపం తెప్పించే విషయమే. అటు హైబరీలో ఎక్కి హాక్నీలో దిగే మనిషికి మాత్రం పండగ. అంతకుముందు ఎక్కడానికే చోటుండేది కాదు, ఇప్పుడు కనీసం ఎక్కగలుగుతున్నాడు. ఒకే మార్పు ఇద్దరికి రెండు రకాలు. ఏ ఊళ్లో మెట్రో వచ్చినా ఈ తగాదా ఉంటుంది.

ఇంకో సంగతి చాలామంది మర్చిపోతారు. ఈ రైళ్లకు ఆర్డర్ పెట్టింది 2006లో. అంటే లైన్ చేతికి రాకముందే. ఆర్డర్ పెట్టి, తయారై, పరీక్షలు ముగిసి జనాన్ని ఎక్కించుకునేసరికి దాదాపు మూడేళ్లు. పగ్గాలు చేతికొచ్చాక తీరిగ్గా ఆలోచించి ఉంటే ఒలింపిక్స్ నాటికి రైళ్లు ఉండేవి కావేమో.

అవును, ఒలింపిక్స్. ఈ కథలో అదృష్టం పాలు కూడా ఉందని ఒప్పుకోవాలి. 2012 ఒలింపిక్ పార్కు కట్టింది స్ట్రాట్‌ఫర్డ్‌లోనే, అంటే లైన్ చివరి స్టేషన్ పక్కనే. నిన్నటిదాకా అనాథలా పడున్న లైన్ ప్రపంచం మొత్తం వచ్చే చోటికి పోయే దారి అయింది. డబ్బు దానంతటదే నడిచొచ్చింది.

మూడు నెలలు బస్సుల్లో

2010 ఫిబ్రవరి 20న గాస్పెల్ ఓక్ నుంచి స్ట్రాట్‌ఫర్డ్ దాకా లైన్ మూసేశారు. మే ఆఖరు దాకా రైలు లేదు. ప్లాట్‌ఫాంలు పొడిగించాలి, సిగ్నళ్లు మార్చాలి, పట్టాలు సర్దాలి. బదులుగా బస్సులు పెట్టారు. హాక్నీ రోడ్ల మీద బస్సులో పోయే జనానికి తల ప్రాణం తోకకొచ్చింది. రైల్లో ఇరవై నిమిషాల దారి బస్సులో ఎంతవుతుందో అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్‌కు రోడ్డు మీద పోయినవాళ్లకు చెప్పక్కర్లేదు.

జూన్ 1న తెరిచాక కూడా ఒక్కసారే స్వర్గం దిగిరాలేదు. 2011 మే కల్లా స్ట్రాట్‌ఫర్డ్, క్యామ్డెన్ రోడ్ మధ్య రద్దీ వేళల్లో గంటకు 8 రైళ్లు వచ్చాయి. మూడు కోచ్‌ల రైళ్లు నాలుగయ్యాయి, 2014-15 కాలంలో ఐదయ్యాయి. 2012 డిసెంబరులో క్లాపమ్ జంక్షన్ దాకా చివరి ముక్క కలిసి లండన్ చుట్టూ రింగు పూర్తయింది. మన ఔటర్ రింగ్ రోడ్డు లాగే, కాకపోతే రైలుకి.

జనం ఎంత పెరిగారంటే, 2007లో వారానికి దాదాపు 6 లక్షల మంది ఎక్కిన నెట్‌వర్క్‌లో ఇప్పుడు వారానికి 30 లక్షలకు పైగా ఎక్కుతున్నారు. ఇది పాత లైన్ ఒక్కటే కాదు, తర్వాత కలిపిన లైన్లు కూడా చేరిన లెక్క. అయినా చిన్న విషయం కాదు. అందుకే ఇప్పుడు జనం చేసే ప్రధాన ఫిర్యాదు కూడా అదే, మళ్లీ రద్దీ! రైలు బాగుపడ్డాక హాక్నీ, డాల్స్టన్‌లలో అద్దెలు కూడా పెరిగాయని, ఏ జనం కోసం లైన్ బాగుచేశారో వాళ్లే అక్కడ ఉండలేని పరిస్థితి వచ్చిందని వాదించేవాళ్లున్నారు. అద్దెలకు రైలొక్కటే కారణం కాదు గానీ, ఆ మాటలో నిజం లేకపోలేదు.

చెల్లెలి లైన్‌కు మాత్రం చుక్కలు కనబడ్డాయి

అదే రోజు చేతులు మారిన ఇంకో లైన్ ఉంది. గాస్పెల్ ఓక్ నుంచి బార్కింగ్ దాకా. దాని కథ వింటే ఆపరేటర్ మారితే చాలనే భ్రమ పోతుంది. సిల్వర్‌లింక్ రోజుల్లో అరగంటకో డీజిల్ బండి, రెండే కోచ్‌లు. ఓవర్‌గ్రౌండ్ వచ్చాక 2010లో కొత్త డీజిల్ రైళ్లు వచ్చాయి, తర్వాత పావుగంటకో బండి అయింది. కోచ్‌లు మాత్రం రెండే. లండన్ లాంటి ఊళ్లో రెండు కోచ్‌ల రైలు!

కరెంటు లైన్ వేస్తామని 2016 జూన్‌లో పనులు మొదలుపెట్టి నెలల తరబడి రైళ్లు ఆపారు. 2017 ఫిబ్రవరిలో తెరిచారు గానీ పని పూర్తి కాలేదు. కొన్ని స్తంభాల డిజైన్ తప్పింది, సామాను ఆలస్యంగా వచ్చింది. మళ్లీ మూసి మళ్లీ తవ్వారు. సరే, వైర్లు వేశారు. ఇప్పుడు రైళ్లు లేవు. కొత్త కరెంటు రైళ్లలో సాఫ్ట్‌వేర్ చిక్కులతో రాక ఆలస్యం. ఈలోగా పాత డీజిల్ రైళ్లను వేరే ఊరికి ఇస్తామని ముందే మాటిచ్చారు కాబట్టి అవి వెళ్లిపోయాయి. 2019 మార్చిలో పావుగంట రైలు కాస్తా మళ్లీ అరగంట అయింది. జనం మళ్లీ సిల్వర్‌లింక్ రోజులకే వెళ్లారన్నమాట. మే నెలలో నాలుగు కోచ్‌ల కరెంటు రైళ్లు రావడం మొదలయ్యాక, పడిన కష్టానికి పరిహారంగా సెప్టెంబరులో ఒక నెల ఉచిత ప్రయాణం ఇచ్చారు. రైళ్లు తయారుచేసిన కంపెనీయే ఆ ఖర్చు భరించింది.

ఇక్కడ ఆపరేటర్ తప్పు తక్కువ. పట్టాలు, వైర్లు నెట్‌వర్క్ రైల్‌వి, రైళ్లు ఫ్యాక్టరీవి. ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ మనిషికి ఈ లెక్కలన్నీ ఎందుకు? బోర్డు మీద ఎవరి పేరుంటే వాళ్లనే అడుగుతాడు. అడగాలి కూడా.

ఎవరూ గమనించని మార్పు

2016 నవంబరులో ఎంటీఆర్ జంట పోయి అరైవా రైల్ లండన్ వచ్చింది. అప్పుడు ప్రయాణికులకు తేడా తెలిసిందా అంటే, పెద్దగా లేదు. అదే నారింజ రంగు, అదే టికెట్, అదే పేరు. 2007లో పండగ చేసిన మార్పుకూ, 2016లో చాలామంది గమనించని మార్పుకూ తేడా ఒప్పందంలో ఉంది.

సిల్వర్‌లింక్‌ది ఫ్రాంచైజీ. టికెట్ డబ్బు కంపెనీది, ఖర్చు తగ్గిస్తే లాభం కంపెనీది. ఓవర్‌గ్రౌండ్‌ది కన్సెషన్. ఇందులో టికెట్ ఎంత ఉండాలి, ఎన్ని రైళ్లు నడపాలి, స్టేషన్ ఎంత శుభ్రంగా ఉండాలి అన్నీ నగర రవాణా సంస్థే చెబుతుంది. 2007 ఒప్పందంలో ఆదాయం పెరిగినా తగ్గినా 90 శాతం భారం ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్‌ది, 10 శాతమే కంపెనీది. కంపెనీకి రైలు నడిపినందుకు డబ్బిస్తారు, సరిగ్గా నడపకపోతే కోస్తారు. ఇంటి ఓనర్ ఒకరే, వంటమనిషి మాత్రం మారుతున్నాడు అనుకోండి. మెనూ రాసేది ఓనరే కాబట్టి రుచి పెద్దగా మారదు.

కాబట్టి ఇది ప్రైవేటు పోయి ప్రభుత్వం వచ్చిన కథ అని ఎవరైనా చెబితే పూర్తి నిజం కాదు. రైలు నడిపేది ఇప్పటికీ ప్రైవేటు కంపెనీయే. మారింది ఏంటంటే, అడిగేవాడు వచ్చాడు. అదీ ఆ ఊరివాడే, ఆ ఊరి ఓట్లతో గెలిచే మేయర్ కింద పనిచేసేవాడు.

2024 నవంబరులో ఓవర్‌గ్రౌండ్‌లోని ఆరు లైన్లకు విడివిడిగా పేర్లు పెట్టారు. పాత నార్త్ లండన్ లైన్ ఇప్పుడు మైల్డ్‌మే లైన్. ఎయిడ్స్ రోగులకు అండగా నిలిచిన ఆస్పత్రి పేరది. బార్కింగ్ లైన్‌కు ఓటు హక్కు కోసం పోరాడిన ఆడవాళ్ల గుర్తుగా సఫ్రజెట్ అని పెట్టారు. అన్ని తిప్పలు పడ్డ లైన్‌కు పోరాటం పేరు పెట్టడం కాకతాళీయమే అయినా బాగానే అతికింది.

ఢిల్లీలో ఏం జరిగింది?

మన దేశంలో దీనికి దగ్గరి ఉదాహరణ ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ లైన్. మొదట్లో న్యూఢిల్లీ స్టేషన్ నుంచి ద్వారకా సెక్టార్ 21 దాకా దాదాపు 23 కిలోమీటర్లు ఉండేది. 2011 ఫిబ్రవరిలో మొదలైంది. నడిపింది రిలయన్స్ ఇన్‌ఫ్రా అనుబంధ సంస్థ. ఏడాదిన్నర తిరక్కుండానే 2012 జూలైలో ఆగిపోయింది. వంతెన గర్డర్ల కింద ఉండే బేరింగుల్లో లోపాలు బయటపడ్డాయి. 2013 జనవరిలో మళ్లీ నడిపారు, కానీ గంటకు 50 కిలోమీటర్లకు మించకుండా. ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ అని పేరు, నడక మాత్రం నత్తది.

2013 జూలై 1న ఢిల్లీ మెట్రో కార్పొరేషన్ లైన్ తీసుకుంది. రైళ్లు ఆగలేదు, రాత్రికి రాత్రి చేతులు మారాయి. ప్రయాణికులకు తేడా తెలిసింది రెండు విషయాల్లో. ఒకటి స్పీడు, విడతలవారీగా పెంచుకుంటూ 2023 నాటికి గంటకు 120 కిలోమీటర్లకు తెచ్చారు. రెండోది టికెట్. ఒకప్పుడు 150 రూపాయలకు చేరిన న్యూఢిల్లీ-ఎయిర్‌పోర్ట్ టికెట్ 2015లో 60 రూపాయలకు దిగింది. అప్పటిదాకా విమానం ఎక్కేవాళ్ల రైలుగా ఉన్నది, ద్వారకా నుంచి ఆఫీసుకు పోయేవాళ్ల రైలు కూడా అయింది.

తెర వెనక మాత్రం లెక్కల యుద్ధం పదేళ్లు నడిచింది. 2017లో మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ ప్రైవేటు కంపెనీకి అనుకూలంగా వేల కోట్ల పరిహారం చెప్పింది. 2021లో సుప్రీంకోర్టు సరేనంది. 2024 ఏప్రిల్‌లో అదే సుప్రీంకోర్టు క్యూరేటివ్ పిటిషన్ మీద దాన్ని కొట్టేసింది. వడ్డీతో కలిపి దాదాపు 8 వేల కోట్ల రూపాయల వ్యవహారం. ఓడిపోయి ఉంటే ఆ భారం చివరికి ఎవరి మీద పడేదో ఊహించుకోవచ్చు.

గురుగ్రామ్ ర్యాపిడ్ మెట్రోది ఇంకో రకం. కట్టింది ఐఎల్‌అండ్‌ఎఫ్‌ఎస్ గ్రూప్. మాతృసంస్థ అప్పుల్లో కూరుకుపోయాక మేం నడపలేమంటూ తప్పుకుంది. హైకోర్టు జోక్యంతో రైళ్లు ఆగకుండా నడిచి, 2019 అక్టోబరులో ఢిల్లీ మెట్రో చేతికి వెళ్లాయి. ఇక్కడ ప్రయాణికులకు దక్కింది రైలు ఆగకపోవడం. కొన్నిసార్లు అదే పెద్ద ఊరట.

చెన్నై: అయిదు రూపాయల టికెట్ భయం

చెన్నై ఎంఆర్‌టీఎస్‌ను చూస్తే పాత నార్త్ లండన్ లైనే గుర్తొస్తుంది. 1995లో బీచ్ నుంచి చేపాక్ దాకా మొదలై, 1997లో మైలాపూర్ చేరి, 2007 నవంబరు 19న వేళచ్చేరి దాకా వచ్చింది. లండన్‌లో సిల్వర్‌లింక్ బోర్డు దిగిన ఎనిమిది రోజులకు! అక్కడి నుంచి సెయింట్ థామస్ మౌంట్ దాకా 5 కిలోమీటర్ల ముక్క పని 2008లో మొదలుపెట్టి, భూసేకరణ కోర్టు కేసులతో ఏళ్లకు ఏళ్లు ఆగిపోయింది.

స్టేషన్లు చూస్తే కోటల్లా ఉంటాయి. పైఅంతస్తుల్లో షాపులు వస్తాయని కట్టిన హాళ్లు ఖాళీగా, చీకటిగా పడి ఉంటాయి. రాత్రిపూట ఒంటరిగా ఆ మెట్లు ఎక్కాలంటే గుండె గుబేలుమంటుంది. తరమణి, పెరుంగుడి వైపు ఐటీ ఆఫీసులకు ఈ లైన్‌లో పోయేవాళ్లలో నెల్లూరు, చిత్తూరు జిల్లాల నుంచి వెళ్లి స్థిరపడ్డ మనవాళ్లూ ఉన్నారు.

2025లో రైల్వే శాఖ ఈ లైన్‌ను చెన్నై మెట్రోకు అప్పగించడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఏసీ రైళ్లు, స్టేషన్ల బాగు.. ప్రతిపాదనలు ఘనంగానే ఉన్నాయి. భయం ఎక్కడంటే టికెట్ దగ్గర. ఇక్కడ లోకల్ రైలు టికెట్ 5 రూపాయల నుంచి మొదలు, సీజన్ పాస్ ఇంకా చౌక. మెట్రోలో కనీస చార్జీయే 10, గరిష్ఠం 50. ఇళ్లలో పనిచేసేవాళ్లు, చేపలు, పూలు అమ్మేవాళ్లు ఎక్కే రైలుకు మెట్రో చార్జీ పెడితే వాళ్లు మళ్లీ బస్సు దారి పడతారు. లండన్‌లో ఈ చిక్కు రాలేదు, ఎందుకంటే అక్కడ ట్యూబ్‌కూ ఈ రైలుకూ కలిపి జోన్ల లెక్కన టికెట్, ట్రావెల్‌కార్డు అప్పటికే ఉన్నాయి. చెన్నైలో మాత్రం రైలు బాగుపడటం, పేదవాడికి దూరమవడం రెండూ ఒకేసారి జరిగే ప్రమాదం ఉంది. అప్పగింత ఒప్పందంలో ఏసీ సంగతి కంటే ముందు చూడాల్సింది ఇదే.

ఇక మన హైదరాబాద్

హైదరాబాద్ మెట్రోను గాలికొదిలేసిన లైన్ అనలేం. 2017 నవంబరులో మొదలైన ఈ 69 కిలోమీటర్ల నెట్‌వర్క్ పైన చెప్పినవాటి కంటే ఎంతో మెరుగు. 2025 సెప్టెంబరులో కుదిరిన అవగాహన ప్రకారం దాదాపు 13 వేల కోట్ల రూపాయల అప్పును ప్రభుత్వం తీసుకుంటుంది, ఎల్‌అండ్‌టీ వాటాకు సుమారు 2 వేల కోట్లు ఇస్తుంది. ఇవి పెద్దల లెక్కలు.

ప్రయాణికులు గుర్తుపెట్టుకోవాల్సింది వేరే ఉంది. ఇక్కడ మారుతున్నది యజమాని. రైళ్లు నడపడం, నిర్వహణ కాంట్రాక్టు మీద చూస్తూ వచ్చింది ఫ్రాన్స్‌కు చెందిన కియోలిస్. అంటే యజమాని మారినా డ్రైవర్ క్యాబిన్‌లో కూర్చునే మనిషి మర్నాటికి మారిపోడు. లండన్ సోమవారం లాగే మొదటి రోజు పొద్దున ఏ తేడా కనబడకపోవచ్చు. దానికి కంగారు పడక్కర్లేదు, దాన్ని చూసి మురిసిపోనూ అక్కర్లేదు.

టికెట్ విషయానికొస్తే 2025 మేలో చార్జీలు పెంచారు. కనీసం 12, గరిష్ఠం 75 అన్నారు. జనం గోల పెట్టాక 10 శాతం తగ్గించి 11, 69కి తెచ్చారు. ప్రైవేటు కంపెనీ ఉన్నప్పుడు పెంచిందెవరు అంటే వేలు చూపించడానికి ఒక చోటుండేది. ప్రభుత్వమే ఓనరైతే చార్జీ పెంచడం రాజకీయంగా కష్టం. అది మంచిదే. కానీ చార్జీ పెరగక, బడ్జెట్‌లో డబ్బూ పెట్టక పోతే ఏమవుతుందో మన ఆర్టీసీ బస్సుల వయసు చూస్తే తెలుస్తుంది.

రద్దీ సంగతి మరీ ముఖ్యం. మియాపూర్-ఎల్బీనగర్, నాగోల్-రాయదుర్గం లైన్లలో ఆఫీసు వేళల్లో ఎక్కేవాళ్లకు చెప్పనక్కర్లేదు. నడుస్తున్నవన్నీ మూడు కోచ్‌ల రైళ్లే, మొత్తం 57 సెట్లు. ప్లాట్‌ఫాంలను మాత్రం ఆరు కోచ్‌లకు సరిపడా కట్టారు. లండన్‌లో మూడు నెలలు రైళ్లు ఆపి ప్లాట్‌ఫాంలు పొడిగించుకోవాల్సి వచ్చింది. మనకు ఆ బాధ లేదు, చోటు రెడీగా ఉంది, కోచ్‌లే లేవు. కంపెనీ వెళ్లిపోవాలనుకుంటున్న కాలంలో కొత్త కోచ్‌ల మీద డబ్బు పెట్టదు, వచ్చేవాళ్లు చేతికొచ్చాక చూద్దాం అనుకుంటారు. మధ్యలో ఇరుక్కునేది అమీర్‌పేటలో మెట్ల మీద క్యూ కట్టే జనం.

అందుకే సంతకాల ఫొటోల కంటే కోచ్‌ల టెండర్ వార్త కోసం కళ్లు పెట్టుకుని చూడండి. లండన్‌లో ఆర్డర్‌కూ రైలుకూ మధ్య దాదాపు మూడేళ్లు పట్టింది. మనకూ టెండర్ పిలిచి ఆర్డర్ పెట్టిన రోజు నుంచే ఆ లెక్క మొదలవుతుంది.